చెవి సీరియల్‌కి... చెయ్యి పూతరేకుకి!

టీవీ ముందు గడిపిన సమయం వృథా, పనిలో గడిపింది సద్వినియోగం అని మనందరికీ చిన్నప్పటి నుంచీ నూరిపోసిన లెక్క. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇళ్ళల్లో ఈ రెండూ ఒకే గంటలో, ఒకే చాప మీద సాగిపోతుంటాయి. మరి ఆ గంటని ఏ ఖాతాలో రాయాలి?

'పొద్దస్తమానం ఆ టీవీ ముందేనా? వేరే పనేం లేదా?' తెలుగింట్లో పుట్టి ఈ మాట పడనివాళ్ళు ఉండరు. పిల్లల్ని అమ్మ అంటుంది, కోడల్ని అత్తగారు అంటుంది, రిటైరై ఇంటిపట్టున ఉంటున్న తాతగారిని అందరూ అంటారు. దాని వెనకున్న లెక్క చాలా తేలిక. రోజుకి ఇరవై నాలుగ్గంటలు. అందులో టీవీకి ఎంత పోతే పనికి అంత కోత.

ఈ లెక్క ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ ఆత్రేయపురంలో చెల్లదు. రాజమహేంద్రవరం వైపు నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక దగ్గర మలుపు తిరిగి, కాలవ గట్టు పట్టుకుని రావులపాలెం దిక్కుగా వెళ్తుంటే తగిలే ఊరిది. ఒకపక్క లొల్ల లాకులు, ఇంకోపక్క వాడపల్లి వెంకన్న గుడి. ఏడు శనివారాల మొక్కున్న భక్తులు తిరుగు ప్రయాణంలో ఇక్కడ ఆగి పూతరేకుల పెట్టె కొనకుండా పోరు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టుకున్నది సర్ ఆర్థర్ కాటన్ పేరు మీద ఏర్పడిన ఇక్కడి తయారీదారుల సంక్షేమ సంఘమే. పెట్టె మీద పేరు ఊరిదే అయినా, పెట్టెలో ఉన్నది మాత్రం ఆడవాళ్ళ చేతిపని. వందలాది కుటుంబాలకి ఇదే ఆధారం. ఈ పని జరిగేది ఫ్యాక్టరీలో కాదు. ఇంట్లో, వంటింటి పక్క వసారాలో, ముందుగదిలో. అంటే టీవీ ఉన్న చోటే.

కుండ ముందు కళ్ళు, టీవీ ముందు చెవులు

పూతరేకు పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది రేకు తీయడం. బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పాలలాగా పల్చన చేస్తారు. ఇందుకు జయ రకం బియ్యానికి పేరు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి తెల్లగుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కాలిన కుండ వీపు మీద ఒక్క ఊపున పరిచి లాగెయ్యాలి. గుడ్డ పైకి వచ్చేసరికే కుండ మీద పిండి పొర ఆరిపోతుంది. అంచు లేచిన రేకుని చిరగకుండా తీసి పక్కన పెట్టి, మళ్ళీ గుడ్డ ముంచాలి. మంట ఎగదోస్తే రేకు మాడుతుంది, తగ్గితే కుండకి అంటుకుపోతుంది. కన్ను అటూ ఇటూ తిరిగిందా, రేకు పోయిందన్నమాటే. ఈ పని చేసేటప్పుడు ఎంత గొప్ప సీరియలైనా అక్కర్లేదు. పొగా, సెగా, కుండ, గుడ్డ, అంతే లోకం.

రెండోది చుట్టడం. పెళుసుగా ఉన్న రేకుల్ని తడిగుడ్డతో అద్ది మెత్తబరచాలి. నెయ్యి రాయాలి. పంచదార పొడో బెల్లం తురుమో జల్లాలి, జీడిపప్పు, బాదం పలుకులు వేయాలి. పైన ఇంకో రేకు. అటూ ఇటూ అంచులు మడిచి, పొడుగ్గా చుట్టి, కాగితంలో పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇందులోనూ రేకు చిరుగుతుంది. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి మాత్రం పని కంటి నుంచి వేళ్ళలోకి దిగిపోతుంది. చూడకుండానే నెయ్యి ఎంత పట్టాలో చేతికి తెలుస్తుంది. టీవీ మోగేది ఈ రెండో భాగంలోనే.

ఇక్కడ సీరియల్ని చూడరు, వింటారు. గొంతుని బట్టి ఎవరు మాట్లాడుతున్నారో తెలుసు. వాన చప్పుడొస్తే కథానాయిక ఇల్లు వదిలి వెళ్ళిపోతోందని తెలుసు. నేపథ్యంలో ఢాం, ఢాం, ఢాం అని మూడుసార్లు మోగినప్పుడు మాత్రం తల ఎత్తుతారు. ఆ మూడు మోతలకీ తెర మీద ముగ్గురి మొహాలు వరసగా కనిపిస్తాయి. అవి చూసి మళ్ళీ రేకులోకి. 'ఇదేంటండీ, మొన్ననేగా కలిసిపోయారు' అని ఒకరంటే, 'కలిసినట్టు నటించారంతే, ఆయ్' అని ఇంకొకరు. ఈలోగా ఇంకో వరస చుట్టలు పేరుకుంటాయి.

సీరియళ్ళు తీసేవాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు. ఒకే మాటని రెండుసార్లు చెప్పించడం, నిన్న జరిగినదాన్ని ఈరోజు పాత్ర చేత మళ్ళీ తలపోయించడం, మొహాల మీద కెమెరాని తిప్పి తిప్పి ఆపడం చూసి నగరాల్లో నవ్వుకుంటారు. ఆ సాగదీత, పనిలో ఉన్న మనిషి కోసం వదిలిన జాగా. వంటింట్లోకి వెళ్ళొచ్చినా, రెండు వరసలు చుట్టి తలెత్తినా కథ చేజారదు. ఈ పద్ధతి మనం కనిపెట్టిందీ కాదు. 1930లలో అమెరికా రేడియోలో పగటిపూట కథలు మొదలైంది ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకునే. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టాయి కాబట్టి వాటికి 'సోప్ ఒపేరా' అని పేరొచ్చింది. 'గైడింగ్ లైట్' అనే కథ 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009 దాకా సాగింది. మన సీరియళ్ళ సాగదీతకి వంక పెట్టేవాళ్ళు ఈ డెబ్భై రెండేళ్ళ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవచ్చు.

ఒకే గంట, రెండు పద్దులు

ఇప్పుడు అసలు చిక్కు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా టీవీ నడుస్తుండగా రేకులు చుట్టిన మనిషి ఆ గంటసేపూ ఏం చేసినట్టు?

మన దేశంలో దీనికి రెండు చోట్ల జవాబు దొరుకుతుంది. మొదటిది టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ. చానళ్ళు తమ ప్రసారాల ధ్వనిలో మన చెవికి అందని ఒక గుర్తుని కలిపి పంపిస్తాయి. ఎంపిక చేసిన ఇళ్ళల్లో పెట్టిన మీటరు ఆ గుర్తుని పట్టుకుని ఏ చానల్ నడుస్తోందో రాసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు టీవీ ముందుకి వచ్చినప్పుడు ఎవరి మీట వాళ్ళు నొక్కాలి. మీట నొక్కితే చూసినట్టే. కళ్ళు తెర మీద ఉన్నాయా, రేకు మీద ఉన్నాయా అన్నది మీటరుకి అక్కర్లేదు. దాని పద్దులో ఆమె గంటసేపు ప్రేక్షకురాలు.

రెండోది కేంద్ర గణాంక శాఖవారి సమయ వినియోగ సర్వే. దేశమంతటా 2019లో ఒకసారి, 2024లో మరోసారి చేశారు. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా రోజుని అరగంట చొప్పున విడగొట్టి, ఒక్కో అరగంటలో ఏం చేశారో అడిగి రాసుకుంటారు. ఒకే అరగంటలో రెండు మూడు పనులుంటే, పది నిమిషాలకి తగ్గనివన్నీ రాసుకుని, వాటిలో ముఖ్యమైనది ఏదో గుర్తిస్తారు. పూతరేకులు చుట్టే మనిషిని అడిగితే 'పని చేసుకుంటున్నానండీ' అంటుంది. టీవీ సంగతి అడిగితే తప్ప చెప్పదు. ఈ పద్దులో ఆమె శ్రామికురాలు.

ప్రకటనకర్త దృష్టిలో ఆమె ఖాళీగా ఉన్న కొనుగోలుదారు. పూతరేకుల వ్యాపారి దృష్టిలో చేతినిండా పని ఉన్న మనిషి. ఇద్దరూ అదే గంటని లెక్కేసుకుంటారు. 'పొద్దస్తమానం టీవీయేనా' అనే ఇంటాయన మాత్రం మొదటి పద్దే చదివి ఊరుకుంటాడు.

పని కోసమే వచ్చింది టీవీ

అసలు మన పల్లెలకి టీవీని తెచ్చింది కాలక్షేపానికి కాదు, పని పెంచడానికి. రైతుల కోసం 'కృషి దర్శన్' ఢిల్లీలో 1967 జనవరి 26న మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి ఊరికొకటి చొప్పున టీవీలు పెట్టారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. సాగు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఇవీ పాఠాలు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక కూడా వ్యవసాయ కార్యక్రమాలదే పెద్దపీట.

1984లో 'హమ్ లోగ్' వచ్చింది. మొట్టమొదటి సీరియల్ కూడా కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం మెక్సికో నమూనా చూసి తీసిందే. కానీ జనం కథ పట్టుకుని పాఠం వదిలేశారు. 1987 జనవరి నుంచి ఏడాదిన్నరపాటు ఆదివారం పొద్దున్నే రామాయణం, ఆ వెంటనే మహాభారతం. అప్పట్లో టీవీ చూడటమంటే చూడటమే. స్నానం చేసి, టీవీ ఉన్న ఇంటికి వెళ్ళి, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ గంట పని ఆగిపోయేది. వారానికి ఒక్క గంట కాబట్టి ఆగినా ఫరవాలేదు.

1995లో జెమిని, ఈటీవీ రావడంతో పరిస్థితి మారింది. ఆ తర్వాత వారానికోసారి వచ్చే కథలు రోజూ రావడం మొదలైంది. మంజులా నాయుడు తీసిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' రోజుల్లో ఫలానా టైముకి ఊరంతా ఒకే గొంతు వినిపించేది. 2017లో మొదలైన 'కార్తీకదీపం' అయిదేళ్ళకి పైగా సాగింది. రోజూ వచ్చేదాని కోసం రోజూ పని ఆపడం ఏ ఇల్లాలికి సాధ్యం? అందుకని ఆడవాళ్ళు పని మానలేదు, పనిని టీవీ ముందుకి తెచ్చుకున్నారు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చింతపండు గింజలు తీయడం, పూలు కట్టడం, ఆత్రేయపురంలో అయితే పూతరేకులు చుట్టడం. కన్ను అక్కర్లేని పనులన్నీ సీరియల్ వేళకి వాయిదా పడ్డాయి. ఇంటిపనుల పట్టిక టీవీని చూసి మారింది. పని మాత్రం తగ్గలేదు.

కూలీలే జీతమిచ్చి పెట్టుకున్న చదువరి

చేతిపనికి చెవికి ఏదో ఒకటి తోడుండాలన్నది పాత సంగతే. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు మనకి లెక్కలేనన్ని. పాట పాడితే పని చెడిపోతుందని ఏ రైతూ అనలేదు. పాట ఆగితే నాటు ఆలస్యమవుతుందని మాత్రం తెలుసు.

లంక పొగాకు ఎరిగిన గోదావరివాళ్ళకి క్యూబా కథ నచ్చుతుంది. హవానా చుట్టల కార్ఖానాల్లో 1865లో ఒక ఆచారం మొదలైంది. కూలీలు తలాకొంత వేసుకుని ఒక చదువరిని పెట్టుకునేవాళ్ళు. ఆయన ఎత్తయిన అరుగు మీద కూర్చుని పొద్దున పత్రికలు, తర్వాత నవలలు గట్టిగా చదివేవాడు. వందలమంది తలవంచుకుని చుట్టలు చుడుతూ వినేవాళ్ళు. ఏ పుస్తకం చదవాలో కూడా వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. కూలీలకి లోకజ్ఞానం పెరుగుతోందని యజమానులకీ ప్రభుత్వానికీ కంటగింపై కొన్నిసార్లు నిషేధించారు గానీ, చుట్టల పని కుంటుబడుతోందని మాత్రం ఎవరూ రుజువు చేయలేకపోయారు.

బ్రిటన్ వాళ్ళు దీన్ని ఏకంగా ఉత్పత్తి మంత్రంగా మార్చుకున్నారు. చేసిన పనే చేస్తుంటే వచ్చే విసుగు మీద అక్కడి పారిశ్రామిక పరిశోధకులు 1937లో ఒక నివేదిక వేశారు. సంగీతం వినిపిస్తే పని పెరుగుతోందని అందులో తేలింది. 1940 జూన్‌లో, యుద్ధం ముమ్మరంగా ఉండగా బీబీసీ 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' కార్యక్రమం మొదలుపెట్టింది. ఆయుధ కర్మాగారాల్లో లౌడ్ స్పీకర్లు పెట్టి వినిపించారు. అది 1967 దాకా నడిచింది. కర్మాగారంలో పాట వినిపిస్తే ఉత్పాదకత, వసారాలో సీరియల్ వినిపిస్తే సోమరితనం! తేడా ఎక్కడుంది? మొదటిది యజమాని పెట్టించింది, రెండోది ఇల్లాలు తనంతట తాను పెట్టుకుంది.

చెవిన పడ్డది ఊరికే పోదు కూడా. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2001-03 మధ్య మన దేశంలో సేకరించిన వివరాలతో 2009లో ఒక అధ్యయనం వేశారు. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు గానీ, బీహార్, హర్యానా, తమిళనాడు లాంటి రాష్ట్రాల పల్లెలు ఉన్నాయి. కేబుల్ టీవీ వచ్చిన ఊళ్ళల్లో భార్యని కొట్టడం తప్పుకాదనే ఆడవాళ్ళు తగ్గారు, మగపిల్లాడే కావాలనే పట్టు సడలింది, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటు కొంచెం పెరిగింది. అత్తాకోడళ్ళ కీచులాటలే చూపించినా, ఆ తెర మీది కోడలు చదువుకుంది, ఎదురు మాట్లాడుతోంది. రేకు చుడుతున్న చెవికి అది వినపడుతూనే ఉంది.

నెయ్యి చేతికి లొంగని ఫోను

ఇప్పుడు టీవీకి పోటీగా ఫోను వచ్చింది. పల్లెల్లోకి ఇంటర్నెట్ చవగ్గా దిగింది. ఏపీ ఫైబర్‌నెట్ వచ్చిన కొత్తల్లో నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఇచ్చారు. అందరూ రెండింటినీ కలిపి 'స్క్రీన్ టైమ్' అంటున్నారు గానీ, పని దగ్గర రెండింటికీ పొంతన లేదు. టీవీకి చెవి చాలు. ఫోనుకి కన్నూ కావాలి, చెయ్యీ కావాలి. నెయ్యి అంటిన వేలు తెర మీద జారుతుంది గానీ రీలు కదలదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, రీళ్ళు చూసి, మళ్ళీ రేకు దగ్గరకి రావాలంటే పని తెగుతుంది. తిండి పదార్థం కాబట్టి ప్రతిసారీ చేతులు కడుక్కోక తప్పదు కూడా.

టీవీ వరసలో నడుస్తుంది, పని పక్కన కూర్చుంటుంది. ఫోను ఆగి ఆగి పిలుస్తుంది, పనిని పక్కకి నెడుతుంది. కాబట్టి వృథా గురించి దిగులుపడేవాళ్ళు ముందుగా చూడాల్సింది గోడకున్న తెరని కాదు, అరచేతిలో ఉన్నదాన్ని. ఆ అరచేయి ఇంట్లో ఎక్కువగా ఎవరిదో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఎవరి చేతులు ఖాళీ?

2008లో క్లే షిర్కీ అనే అమెరికన్ రచయిత ఒక లెక్క వేసి పేరు తెచ్చుకున్నాడు. వికీపీడియా అప్పటిదాకా తయారవడానికి దాదాపు 10 కోట్ల గంటల మానవశ్రమ పట్టింది. అమెరికన్లు ఏటా 20,000 కోట్ల గంటలు టీవీ చూస్తున్నారు. అంటే ఏడాదికి రెండు వేల వికీపీడియాలు టీవీ ముందు కరిగిపోతున్నాయన్నమాట. వినడానికి బావుంది. కానీ ఆ లెక్కలో ఒక మనిషి దాగున్నాడు. పని ముగించుకుని ఇంటికొచ్చి, సోఫాలో వాలి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకున్న మనిషి. అలాంటివాడి టీవీ గంటని ఇంకోపనికి మళ్ళించవచ్చు. ఆత్రేయపురం వసారాలో ఉన్నామె గంటని దేనికి మళ్ళిస్తారు? అది అప్పటికే పూతరేకు అయిపోయి పెట్టెకెక్కింది. టీవీ కట్టేస్తే మిగిలేది గంట కాదు, నోరెత్తకుండా చేసిన అదే పని. పైగా ఆమెకి కూలి గంటల లెక్కన కాదు, రేకుల లెక్కన. చెయ్యి నిజంగానే మందగిస్తే ఎవరూ చెప్పకముందే ఆమెకే తెలుస్తుంది.

ఇక ఖాళీ చేతుల సంగతి. 2024 సర్వే ప్రకారం, ఆరేళ్ళు దాటినవాళ్ళలో టీవీ, ఆటలు, కాలక్షేపం లాంటివాటికి మగవాళ్ళు రోజుకి సగటున 177 నిమిషాలు, ఆడవాళ్ళు 164 నిమిషాలు గడుపుతున్నారు. తేడా పదమూడు నిమిషాలే, పెద్ద అన్యాయమేం కనిపించదు. పక్క వరస చూస్తేనే అసలు సంగతి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. తేడా 201 నిమిషాలు. 2019లో ఆడవాళ్ళ ఇంటిపని 299 నిమిషాలుండేది. అయిదేళ్ళల్లో తగ్గింది పది నిమిషాలు.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే 'టీవీ ఎన్ని గంటలు' అన్న ప్రశ్నకే అర్థం పోతుంది. అడగాల్సింది 'టీవీ చూస్తున్నప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి' అని. క్రికెట్ చూసే చేతులు ఏం చేస్తున్నాయి? రాత్రి తొమ్మిదింటి వార్తల చర్చ చూసే చేతులు? సీరియల్ చూసే చేతులు? ప్రతి ఇంట్లో ఒక్క వారం గమనిస్తే చాలు. టీవీ వల్ల పని చెడుతున్నది ఎవరికో, పని వల్ల టీవీ చెడుతున్నది ఎవరికో తేలిపోతుంది.

దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్ళిళ్ళ రోజుల్లో పూతరేకులకి ఊపిరాడనన్ని ఆర్డర్లు వస్తాయి. అప్పుడు ఆడవాళ్ళు టీవీ తగ్గించి ఇంకో నాలుగు పెట్టెలు చుట్టాలని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. అంతకన్నా పనికొచ్చే సలహా ఇంకోటి ఉంది. ఆ 201 నిమిషాల తేడాలో సగాన్ని ఇంట్లో మగవాళ్ళు తీసుకుంటే ఆమెకి రోజూ గంటా నలభై నిమిషాలు మిగులుతాయి. అరగంట సీరియళ్ళు మూడు, ప్రకటనలతో సహా, చేతులు ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా చూడొచ్చు. అప్పటికింకా పది నిమిషాలుంటాయి. కాఫీ కలిపి తెచ్చివ్వడానికి ఇంట్లో ఇంకెవరికైనా అది చాలు.